పెదనాన్న సరుగుడు తోట

పోయిన మంగళవారం తెల్లవారుతుండగా మా పెదనాన్న కన్నుమూశారు. వీధి అరుగు మీదే పోయారు. గదిలో పడుకుంటే ఆయనకు ఏనాడూ నిద్ర పట్టేది కాదు.

మీలో చాలామందికి ఆయన పుదుచ్చేరి ఫ్రెంచి కోర్టు వకీలుగానే తెలుసు. నల్లగౌను విడిచిపెట్టి, సముద్రం పక్కన ఇసుక నేల కొని, వంటచెరకు అమ్మడానికి సరుగుడు తోట వేసినప్పుడు ఊరంతా నవ్వింది. రెడ్డియార్‌పాళయం కట్టెల వ్యాపారి ఒకాయన మా ఇంటి ముందే ఆగి, "ఏంది వకీలు సామీ, వాదనలు అయిపోయినాయా? ఇంక కట్టెలు మోస్తారా?" అన్నాడు.

"కోర్టులో నేను గెలిస్తే ఎవుడో ఒకడు ఏడ్సుకుంటా పోతాడు. మొక్క ఎదిగితే ఎవుడేడుస్తాడు చెప్పు?" అన్నారు పెదనాన్న.

"మీరు ధర తగ్గించి అమ్మితే నేనే ఏడుస్తా!"

అందరికంటే గట్టిగా నవ్వింది పెదనాన్నే.

నాకు తెలుగు రాత నేర్పింది కూడా ఆ తోటలోనే. ఇంట్లో మాట్లాడుకోవడమే గాని మాకు అక్షరాలు రావు. పుల్లతో ఇసుకలో దిద్దించేవారు. గాలి చెరిపేస్తే, "గాలి పని గాలిది, నీ పని నీది. మళ్లీ రాయి" అనేవారు.

పెద్దమ్మకు మాత్రం తోట పేరెత్తితే గిట్టేది కాదు. "ఇల్లొకటి ఉండాదని గుర్తుండాదా మీకు?" అని రోజూ దెప్పేది.

ఆయన పోయేనాటికి, పాత చెట్లు కొట్టిన చోట నిరుడు నాటిన మొక్కలు మోకాలెత్తు ఉన్నాయి. వాన జాడ లేదు. కూలీలు వీరాంపట్టినం తిరునాళ్లకు పోయారు. మైల తీరేదాకా మేము గడప దాటకూడదన్నారు పెద్దలు. అన్నాళ్లు నీళ్లు లేకపోతే ఆ మొక్కలు బతకవు. నాన్న తల వంచుకుని కూర్చున్నాడు.

అప్పుడు లోపలి గదిలోంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "మైల మనకి. మొక్కలకేంది? పోండి. తూరుపు పక్క ఉప్పుగాలి కొడతాది, ముందు ఆటికి పొయ్యండి."

ఒక్కనాడూ తోట ముఖం చూడని మనిషి! అన్నం తింటూ ఆయన చెప్పిన కబుర్లన్నీ వింటూనే ఉందన్నమాట.

నాన్నా నేనూ కావడి తీసుకుని వెళ్లాం. ఇసుకలో తవ్విన దొరువులోకి దిగడం, కుండలు ముంచడం, మోయడం, పోయడం. భుజాలు వాచాయి. పోసిన నీళ్లను ఇసుక ఇట్టే మింగేస్తుంటే, పెదనాన్న ఇన్నాళ్లూ ఇంత అలసట ఎక్కడ దాచుకున్నారో అనిపించింది. తూర్పు వరుస అప్పటికే వాలిపోయి ఉంది. నాన్న ఒక మొక్క కాండాన్ని గోటితో గీకి చూశాడు. బెరడు కింద సన్నగా పచ్చదనం. ఖాళీ కుండలు ఎత్తుకుని మళ్లీ దొరువు వైపు నడిచాడు.