మూడో రాయి

నా చిన్నప్పుడు వానలు మొహం చాటేసిన ఏడాది, వేసిన శనక్కాయ నిలువునా ఎండిపోయి, మా అమ్మ ఇంటిపనికి కువైట్ పోవడానికి ఒప్పుకుంది. మా కొత్తచెరువు వైపు నుంచి మొదట మగవాళ్ళు డ్రైవర్లుగా వెళ్ళారు, తర్వాత ఆడవాళ్ళు. కొందరి కబురు మళ్ళీ రాలేదు. అది తెలిసినప్పటి నుంచి నాకు అన్నం దిగేది కాదు.

ప్రయాణానికి ముందు మా అవ్వ నన్ను గుట్ట వెనక పాడూరికి తీసుకుపోయింది. ఎప్పటి కరువులోనో జనం వదిలేసిన ఊరది. మిట్టమధ్యాహ్నం. మొండిగోడలు తప్ప ఏమీ లేవు, కాకి కూడా అరవడం లేదు. అవ్వ మాత్రం ప్రతి గడప దగ్గరా చెప్పులు విడిచి, లోపల ఎవరో ఉన్నట్టు "వస్తాండామ్మా" అని చెప్పి అడుగుపెట్టేది. ప్రతి ఇంట్లో పొయ్యి ఉంది. ఏ పొయ్యికీ మూడు రాళ్ళు లేవు, రెండే.

"పోయేవాళ్ళు ఒక రాయి ఎత్తుకోని పోతారు పాపా. మన పొయ్యిలో నల్లరాయి ఈ ఊరిదే. మనమూ వలసొచ్చినోళ్ళమే. ఊరు చేదయి ఎవురూ పోరు, పొయ్యి రాజుకోకపోతే పోతారు," అంది.

ఒక ఇంట్లో, గోడ నీడన ఉన్న పొయ్యిరాళ్ళ మీద నా చెయ్యి పెట్టించింది. వెచ్చగా ఉన్నాయి. ఎండకేమో అనుకుందామంటే, పక్కింటి పొయ్యి ఎండలో ఉండి కూడా చల్లగా తగిలింది. ఈ ఇంటివాళ్ళు ఎక్కడికి పోయారని అడిగాను.

"ఎవురికి తెలుసు. యాడో ఒకచోట పొయ్యి ఎలిగిస్తాండారులే," అంది మామూలుగా.

మరునాడు అమ్మ ఆ నల్లరాయిని చీరలో చుట్టుకుని వెళ్ళింది. దాని చోట అవ్వ ఇటుక పెట్టి వండేది. కొన్నాళ్ళు అమ్మ ఊళ్ళో బూత్‌కి ఫోన్ చేసింది, తర్వాత ఆగిపోయింది. ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని చూసి గొంతు తగ్గించేవారు. ఏడ్చి ఏడ్చి పడుకున్న నన్ను అవ్వ ఒకనాడు తెల్లారకముందే లేపి, ఇంకా వెలిగించని పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. ఇటుక చల్లగా ఉంది. రాళ్ళు రెండూ వెచ్చగా ఉన్నాయి.

అమ్మ వచ్చింది. చిక్కి సగమై వచ్చింది. పనిచేసిన ఇంట్లో ఫోన్ ముట్టనివ్వలేదట. "పొద్దున్నే ఆ రాయి మీద చెయ్యి పెట్టి, పాప లేసినాదో లేదో అనుకునేదాన్ని," అంది. అవ్వ ఇటుక తీసి బయట పారేసింది.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. నేనూ పరాయి దేశంలోనే బతుకుతున్నాను. నల్లరాయి నా గ్యాస్ స్టవ్ పక్కన ఉంటుంది. ఎందుకని ఎవరైనా అడిగితే పచ్చడి నూరడానికని చెబుతాను. ఊళ్ళో మా ఇంటి కప్పు పడిపోయిందట, మిగిలిన రెండు రాళ్ళూ ఆ గోడల మధ్యే ఉన్నాయి. రోజూ స్టవ్ వెలిగించే ముందు దీని మీద కాసేపు చెయ్యి పెడతాను. అక్కడ ఏ పిల్లైనా వచ్చి ఆ రాళ్ళు ముట్టుకుంటే చల్లగా తగలకూడదు.