సకీనాబీ తెచ్చిన వేలిముద్రలు

అమరచింతలో సకీనాబీ చేతికి చెయ్యివ్వని ఆడది లేదు. గాజులమ్మే మనిషి కదా! కరోనా వచ్చాక ఆ చేతులన్నీ తలుపుల వెనక్కి పోయాయి, గాజుల గంప అటకెక్కింది. దానికి ఆమె అంతగా ఏడవలేదు. లాక్‌డౌన్ పుణ్యమా అని తాగడానికి మందు దొరక్క కొడుకు షాహిద్ మళ్లీ మనిషయ్యాడు. తల్లి పక్కన కూర్చుని అన్నం తింటున్నాడు. ఇంతలో మందు దుకాణాన్ని తమ వీధి మొదట్లోకి మారుస్తున్నారని తెలిసి ఆమె గుండెల్లో రాయి పడింది.

వద్దని చెప్పొచ్చట. కానీ వీధిలో సగంమంది ఆడవాళ్లు ఎక్సైజు ఆఫీసుకు వచ్చి, గుమాస్తా ఎదుటే వేలిముద్ర వేయాలట. బయట నలుగురు కలిసి నడిస్తే పోలీసులు లాఠీలతో వెంటపడుతున్న రోజులవి. ఇదెక్కడి న్యాయమో ఆ రూలు రాసిన మహానుభావులకే తెలియాలి.

సకీనాబీ ఊరుకునే రకం కాదు. ఇంకు డబ్బా పట్టుకుని గడప గడపకూ తానే తిరిగింది. గాజులెక్కించే ముందు చేతికి సబ్బునీళ్లు రాయడం ఆమెకు అలవాటు. పైగా రోగం భయం. అందరి బొటనవేళ్లకూ సబ్బునీళ్లు రాసి, తడి ఆరకముందే ఇంకు పూసి కాగితం మీద అద్దించింది. ఆఫీసులో విప్పి చూస్తే అన్నీ నీలం మరకలే. ఎదుట వేయనివి ఎలాగూ చెల్లవంటూ గుమాస్తా కిటికీలోంచే తోసేశాడు. తన పాడు అలవాటే కొంప ముంచిందని ఆమె దారంతా తనను తాను తిట్టుకుంది.

వనపర్తి వకీలు జయపాల్ ఆమె తరఫున కేసు వేశాడు. గడప దాటనివ్వకుండా వచ్చి చెప్పమనడమంటే నోరు నొక్కడమేనని, వద్దని చెప్పుకునే హక్కు రోగమొచ్చినా పోదని రాశాడు. విచారణ వాయిదాల మీద వాయిదాలు పడుతుండగానే దుకాణం తెరిచేశారు.

ఆ పొద్దున దుకాణం ముందు సున్నంతో గుండ్రాలు గీసి, పోలీసులే దగ్గరుండి మగవాళ్లను వరుసలో నిలబెట్టారు. అది చూసి సకీనాబీకి ఒళ్లు మండింది. ఊళ్లో గుంపు కూడినా తప్పులేని చోటు ఇదొక్కటేనా, అయితే ఇక్కడే నిలబడదామని వీధి ఆడవాళ్లను పిలుచుకొచ్చింది. తలా ఒక గుండ్రంలో నిలబడ్డారు.

"మేము గూడ లైన్లనే ఉన్నం సారూ. గా గుమాస్తాను ఈడికే పిలువుండ్రి. ఆయన ముంగటనే ముద్రలేస్తం," అంది.

కానిస్టేబుల్ పైవాళ్లను అడగడానికి ఫోను తీశాడు. అన్ని రోజుల తర్వాత ఆమె ప్రాణం కొంచెం కుదుటపడింది. వెనక ఇంకెవరెవరు వచ్చారో చూద్దామని తిరిగింది. ఆఖరి గుండ్రంలో షాహిద్ ఉన్నాడు. మూతికి ఆమె కుట్టిచ్చిన మాస్కే.

వరుస విడిచి అతని దగ్గరికి నడిచింది. గుండ్రం దాటొద్దని కానిస్టేబుల్ అరుస్తున్నా వినిపించుకోలేదు.

"నువ్వు గూడ ముద్రేయనీకెనా వచ్చినవ్, బేటా?" అని అడిగింది. అవునంటే నమ్మేసేదే, పిచ్చితల్లి.

షాహిద్ తలెత్తలేదు.

"జర పక్కకు జరుగు అమ్మీ," అన్నాడు. "నా లైన్ పోతది."