పెండ్లి ఆల్బంలో విమానం

సుల్తానాబాద్ నజీరుద్దీన్ మనిషి బంగారం. ఒక్కటే చిక్కు. ఆకాశంలో విమానం చప్పుడైతే చాలు, ఆయన చేతిలోని కెమెరా మీదికి తిరుగుతుంది. ఎదురుగా పెళ్లికొడుకు ఉండనీ, తహసీల్దారు ఉండనీ, పిల్లనిచ్చిన మామే ఉండనీ, విమానం ఫోటో తీసుకుంటే గానీ కిందికి చూడడు. చేసే పని చూస్తే పెళ్లిళ్ల ఫోటోలు తీయడం. ఇక ఆయన భార్య సుగ్రా బేగం ఎంత ఓపిక గల మనిషో మీరే ఊహించుకోండి.

ఆ ఓపికకు పరీక్ష నిఖా రోజునే మొదలైంది. ఖాజీ సాబ్ మొదటిసారి అడిగినప్పుడు నజీరుద్దీన్ బుద్ధిగా "ఖబూల్ హై" అన్నాడు. రెండోసారి అడిగేసరికి ఎక్కడి నుంచో ఒక హెలికాప్టర్ వచ్చిపడింది. పెళ్లికొడుకు మెడ ఎత్తాడు, నోరు తెరిచాడు, మాట లేదు. ఖాజీ సాబ్ గడ్డం సవరించుకున్నారు. పిలగానికి మనసు మారిందని ఆడవాళ్ల గదిలో గుసగుసలు లేచాయి. సుగ్రా తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. హెలికాప్టర్ పెద్దపల్లి వైపు కనుమరుగయ్యాక ఆయన తీరిగ్గా తల దించి, మిగిలిన రెండుసార్లూ కలిపి ఒకేసారి చెప్పేశాడు. ఆ ఒప్పుకోలు తనకో, హెలికాప్టర్‌కో సుగ్రాకు ఈ రోజుకీ అనుమానమే.

మస్కట్ పోయే బాలమల్లు సంగతి వినండి. పాస్‌పోర్టు ఫోటోకు వస్తే నజీరుద్దీన్ స్టూలు మీద కూర్చోబెట్టి, గదువ జర ఎత్తు, కదలకు అన్నాడు. బాలమల్లు కదల్లేదు. ఇంతలో బయట చప్పుడైంది, నజీరుద్దీన్ డాబా ఎక్కాడు. ఆ విమానం పోయింది, వెనకే ఇంకోటి వచ్చింది, అదీ పోయింది. సుగ్రా చాయ్ పట్టుకుని స్టూడియోలోకి వచ్చేసరికి బాలమల్లు గడ్డం పైకెత్తి, కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నా రెప్ప వేయకుండా కూర్చుని ఉన్నాడు. ఎంతసేపైందన్నా అని అడిగితే పెదవులు కదపకుండా అరగంట అన్నాడు. మస్కట్ వీసాకు పద్ధతే అట్ల ఉంటదేమో అనుకున్నాడట పాపం.

ఇరవై ఏళ్లలో ఆ చుట్టుపక్కల జరిగిన ఏ పెళ్లి ఆల్బం తెరిచినా తలంబ్రాలకూ విందుకూ నడుమ ఎక్కడో ఒక విమానం ఉంటుంది. చూసినవాళ్లు సుగ్రా దగ్గరికే వచ్చేవారు. ఒక వియ్యపురాలైతే ఆల్బం సంకలో పెట్టుకుని వచ్చి, గీ విమానం పిల్లదిక్కోళ్లదా, పిలగానిదిక్కోళ్లదా అని నిలదీసింది. అందరికీ చాయ్ పోసి, నచ్చజెప్పి పంపడం సుగ్రా వంతు.

మరి ఈ పిచ్చేమిటని ఆమె అడగకపోలేదు. అడిగిన ప్రతిసారీ ఆయన గొంతు తగ్గించి, పీర్ల ముందు నిలబడ్డవాడిలా ఒకటే మాట చెప్పేవాడు.

"అండ్ల మనుషులున్నరు సుగ్రా. నూట ఎనభై మంది. మన ఇంటి మీదికెల్లి చాయ్ తాగుకుంట పోతుండ్రు. మనకెరుకనే లేదు."

హైదరాబాదులో బేగంపేటలో అప్పుడప్పుడూ విమానాల మేళా జరుగుతుంది. దానికి ఆయన వారం ముందునుంచే లెన్సులు తుడుచుకుంటూ కూర్చుంటాడు. ఒకసారి సుగ్రా కూడా బయలుదేరింది, ఆ సవతి ఎలా ఉంటుందో చూసి వద్దామని. నాలుగు చిన్న విమానాలు నేల మీది నుంచి నిట్టనిలువుగా లేచాయి. తెల్లటి పొగ వదులుతూ పల్టీలు కొట్టాయి. తర్వాత రెండు ఇటునుంచి, రెండు అటునుంచి ఒకదాని ముఖం మీదికి ఒకటి దూసుకొచ్చాయి. యా అల్లా, అయిపోయింది అనుకుని సుగ్రా కళ్లు మూసుకుంది. తెరిచేసరికి నాలుగూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ దాటిపోయి, ఎవరి దారిన అవి మబ్బుల్లోకి ఎగబాకుతున్నాయి. ఆ మోతకు ఆమె గుండె, పక్కటెముకలు, చేతి గాజులు అన్నీ కలిసి వణికాయి. ఇంత గొప్ప పని మనిషి చేయగలడా అని ఆమెకు ఒళ్లు జలదరించింది. పక్కకు తిరిగి చూస్తే నజీరుద్దీన్ కెమెరా మెడలో ఊరికే వేలాడుతోంది. చెంపల మీద నీళ్లు. ఇంటికొచ్చి చూస్తే పదిహేను వందల ఫోటోల్లో తొమ్మిది వందలు ఉత్త ఆకాశమే.

అలాంటి మనిషి చేతికి నవత పెళ్లి వచ్చింది. నవత వాళ్లది స్టూడియో వెనక గల్లీ. తల్లి బాలలక్ష్మి బీడీలు చేస్తుంది. తండ్రి హనుమండ్లు పదకొండేళ్లుగా సౌదీలో, దమ్మాంలో ఉన్నాడు. బిడ్డ పెళ్లికి నెల ముందే వస్తానన్నవాడికి కంపెనీ సెలవు ఆఖరి రోజుల్లో ఇచ్చింది. నేరుగా హైదరాబాదుకు టికెట్ దొరకలేదు. ఢిల్లీలో దిగి, ఇంకో విమానం ఎక్కి, హైదరాబాదు నుంచి కారులో ఇంటికి చేరేసరికి సాయంత్రం ఐదవుతుంది. ముహూర్తం చూస్తే పగలు పదకొండు నలభై రెండు. అయ్యగారు ఇంకోటి లేదన్నారు.

బాలలక్ష్మి వచ్చి సుగ్రా చేతులు పట్టుకుంది. "బిడ్డ పెండ్లి కండ్లార సూసే రాత ఆయనకు లేకపాయె అక్కా. జీలకర్ర బెల్లం ఫోటో ఒక్కటన్న మంచిగ రావాలె. గదే ఆయనకు పెండ్లి. నీకు దండం పెడుత, భాయిని మీదికి సూడనియ్యకు."

సుగ్రా ఆమె నెత్తిన చేయి పెట్టి తనదే జిమ్మేదారి అన్నది. ఈసారి కెమెరా మీదికి లేస్తే ఆ కెమెరానే బావిలో వేస్తానని మొగుడికి చెప్పింది. ఆయన బుద్ధిగా తలాడించి, హనుమండ్లు ఏ విమానానికి వస్తున్నాడో టికెట్ జర చూపించమని బాలలక్ష్మిని అడిగాడు. ఊళ్లో పెళ్లంటే అందరూ పిలగాడు ఏం చేస్తాడని అడుగుతారు, ఈయన మామ ఏ విమానం ఎక్కాడని అడుగుతాడు అనుకుని సుగ్రా నెత్తి కొట్టుకుంది.

పెళ్లి రోజు పొద్దున్నే పేచీ మొదలైంది. ఇంటి ముందు ఖాళీ జాగాలో టెంటు వేశారు. నజీరుద్దీన్ నిచ్చెన ఎక్కి సరిగ్గా మండపం మీది గుడ్డ విప్పేశాడు. అదేమిటని టెంటు ఓంప్రకాశ్ కొట్లాటకు వస్తే, ఫోటోకు వెలుతురు కావాలన్నాడు. వెలుతురు ఫోటోకు ఎంత వచ్చిందో గానీ, ఎండంతా అయ్యగారి నున్నటి నెత్తి మీదే పడింది. ఆయన మంత్రానికోసారి తువ్వాల సర్దుకుంటూ నజీరుద్దీన్‌ను చూపులతో కాల్చేశారు.

ఎదుర్కోళ్ల దగ్గర ఇంకో వింత. మంచిర్యాల నుంచి పెళ్లికొడుకు శ్యాంసుందర్‌ను తీసుకొచ్చిన దోస్తులు బ్యాండు ముందు ఎగురుతున్నారు. ముహూర్తం దగ్గరపడింది, నడవండ్రి అని పెద్దలు మొత్తుకుంటున్నారు. ఎప్పుడూ ఎగిరేవాళ్లను గదిమే నజీరుద్దీన్ ఫోన్ చూసుకుని, ఇంకొక్క పాట కొట్టుండ్రి అని బ్యాండువాళ్లకు సైగ చేశాడు. అదయ్యాక ఇంకోటి. పదకొండు నలభై రెండు దాటింది. అయ్యగారు మండపంలోంచి కేకలేస్తున్నారు. సుగ్రా అనుమానంగా చూస్తుండగానే ఆయన మళ్లీ ఫోన్ చూసి ఉలిక్కిపడ్డాడు. బ్యాండు ఆపించి, పెళ్లికొడుకు రెక్క పట్టుకుని తానే మండపంలోకి లాక్కుపోయాడు.

వధూవరుల నడుమ తెర పట్టారు. సుగ్రా లైటు పట్టుకుని మొగుణ్ని కనిపెట్టుకుని ఉంది. తెర తీసే క్షణం వచ్చేసరికి నజీరుద్దీన్ దబ్బున మండపంలో నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. తల పెళ్లిపీటల దగ్గర, కాళ్లు అయ్యగారి పళ్లెం దగ్గర. కెమెరా నేరుగా ఆకాశానికి గురిపెట్టి ఉంది. తెర తీశారు, బ్యాండు మళ్లీ మోగింది. నవత, శ్యాంసుందర్ ఒకరి నెత్తిన ఒకరు జీలకర్ర బెల్లం పెట్టారు. అక్షింతలన్నీ నజీరుద్దీన్ నోట్లో, ముక్కులో, గడ్డంలో పడుతున్నాయి. ఆయన టకటకా ఫోటోలు కొడుతూనే ఉన్నాడు.

బాలలక్ష్మికి ఏం ముఖం చూపించాలి అనుకుంది సుగ్రా. లైటు పక్కన పడేసి, మొగుడి చేతిలో కెమెరా గుంజుకోబోయింది. ఆయన కన్ను తీయకుండానే మెల్లగా అన్నాడు.

"హనుమండ్లన్న వస్తుండు సుగ్రా. మీదికి సూడు."

చూసింది. టెంటు గుడ్డ విప్పిన చోట, నీలం ఆకాశంలో, తెల్లటి గీత ఒకటి ఉత్తరం నుంచి సాగుతోంది. దాని కొసన నువ్వుగింజంత విమానం వెండిలా మెరుస్తోంది. ఆ గింజలో ఒక తండ్రి కూర్చుని ఉన్నాడు. బిడ్డ పెళ్లి మీదుగా పోతున్నాడు. సుగ్రా బాలలక్ష్మి భుజం పట్టుకుని, "మీ ఆయన," అని వేలు పైకి చూపించింది.

ఆ మాట ఒకరి నుంచి ఒకరికి పాకింది. బ్యాండు ఆగింది. అయ్యగారు మంత్రం నడుమనే ఆపి, తువ్వాల తీసి తల ఎత్తారు. వడ్డించేవాళ్లు గరిటెలతోనే బయటికి వచ్చారు. నాలుగు వందల మంది ఆకాశం వైపే చూశారు. బాలలక్ష్మి గుప్పెట్లో ఉన్న అక్షింతలు పైకి విసిరింది. నవత చేయి మొగుడి నెత్తి మీదే ఉంచి, మెడ వెనక్కి వంచి నాయన్ను చూసింది. ఆ చేతి బరువుకు శ్యాంసుందర్ ఒక్కడే తల ఎత్తలేకపోయాడు.

ముందే ఎందుకు చెప్పలేదని సుగ్రా తర్వాత అడిగింది. విమానం ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తుంది గానీ, మబ్బు పడితేనో, అది దారి మార్చుకుంటేనో ఆ తల్లీబిడ్డలు మళ్లీ ఏడ్చేవాళ్లు కదా అన్నాడు నజీరుద్దీన్, గడ్డంలోంచి బియ్యం దులుపుకుంటూ. ఇరవై ఏళ్లుగా ఈ మనిషి పైకి చూస్తున్నాడని తిట్టిందే గానీ, ఎవరి కోసం చూస్తున్నాడో తాను చూడలేదని సుగ్రాకు ఆ పూట అర్థమైంది. కెమెరాను బావిలో వేసే ఆలోచన అప్పటికి మానుకుంది.

సాయంత్రం ఐదింటికి హనుమండ్లు వచ్చాడు. అప్పగింతలు ఇంకా కాలేదు. లోపలికి రావడానికి మొహం చెల్లక సంచి పట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోతే, నజీరుద్దీన్ పోయి కెమెరా ముందు పెట్టాడు. ఫోటోలో కింద కొత్త జంట, వాళ్ల చేతుల నడుమనుంచి పైన తెల్లటి గీత, కొసన చుక్క. ఇదేందని హనుమండ్లు అడిగాడు. నువ్వే అన్నాడు నజీరుద్దీన్.

హనుమండ్లు సిగ్గుపడుతూ చెప్పుకొచ్చాడు.

"చాయ్‌లకిచ్చిన చక్కెర పొట్లం దాసుకున్న భాయ్. గవే అక్షింతలని బిడ్డను తలుసుకుని ఏసిన. అన్ని పక్క సీటాయన ప్యాంటు మీద వడ్డయి."

ఎన్ని గంటలకు వేశావని నజీరుద్దీన్ ఆత్రంగా అడిగాడు.

"పదకొండు నలబై రెండుకే చేతుల వట్టుకున్న. మన పెండ్లిళ్లు టైముకెన్నడన్న అయినయా అని పది నిమిషాలు ఆగి ఏసిన."

ఫోటో కొట్టిన సమయం కెమెరాలో ఉంది. నజీరుద్దీన్ చూశాడు. పదకొండు యాభై రెండు. ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని నవ్వి, ఏడ్చి, మళ్లీ నవ్వారు.

ఇప్పుడు ఆ ఫోటో పెద్దగా ఫ్రేము కట్టి బాలలక్ష్మి ఇంటి గోడకు ఉంది. వచ్చినవాళ్లకు చాయ్ కన్నా ముందు అదే చూపిస్తుంది. గీమె నా బిడ్డ, గీయన అల్లుడు అని చెప్పి, చుక్క మీద వేలు పెట్టి గీయన మా ఆయన అంటుంది. సెలవుకు వచ్చినప్పుడు హనుమండ్లు పక్కనే ఉంటే ఆమె వేలు కొంచెం వెనక్కి జరుపుతాడు.

"గాడ గాదు. రెక్క ఎన్కకు, నడిమి సీటు."