పెట్టెలో దాచిన సంతకం

మేమంతా యూనివర్సిటీ అక్క అని పిలిచే ఆమె పచ్చకామెర్లతో చనిపోయిందని పోయిన నెల మిర్యాలగూడ నుంచి వచ్చిన ఎంపీ గారి డ్రైవర్ చెప్పాడు. అప్పుడు నేను నేరేడుచర్ల మిల్లులో బస్తాలు మోస్తున్నాను. బస్తా దించి, గోడకు ఆనుకుని అలాగే నిలబడిపోయాను.

ఆమెది కోదాడ. హైదరాబాద్‌లో ఎంఏ చదువుతూ, ఎంపీ పని ఎలా నడుస్తుందో నేర్చుకోవడానికి పోయినేడు వేసవిలో రెండు నెలలు మిర్యాలగూడ ఆఫీసుకు వచ్చింది. అర్జీలు పుస్తకంలో ఎక్కించడం ఆమెకిచ్చిన పని. ఎంపీ గారు సంతకం పెట్టిన అర్జీల్లో చాలా వాటికి ఏ ఆఫీసు నుంచీ జవాబు రాలేదని ఆమే కనిపెట్టింది. అవి ఏమయ్యాయో చూడటానికి బస్సెక్కి ఊళ్లు తిరిగింది. మా ఇంటికీ అలాగే వచ్చింది.

మా చెల్లెకు పోలియో. నేను పనికి పోయిన రోజు ఎత్తుకుపోయేవాళ్లు లేక బడి మానేసేది. మూడు చక్రాల బండి కోసం నాన్న అర్జీ మీద సంతకం పెట్టించుకుని, దాన్ని అమ్మ పట్టుచీర మడతలో పెట్టి పెట్టెకు తాళం వేశాడు.

“ఎంపీ సారే సంతకం పెట్టిండమ్మా, ఇంకేం గావాలె? బండి అదే వస్తది” అన్నాడు.

“ఎలా వస్తుంది బాబాయ్? ఈ కాగితం ఆ చీర కట్టుకుని సూర్యాపేట వెళ్తుందా?” అంది అక్క.

అమ్మ నవ్వాపుకోలేకపోయింది. మా ఊళ్లో అందరం అంతే. సంతకం పడితే పని అయినట్టే అనుకున్నాం.

మర్నాడు అక్క నన్ను సూర్యాపేటలో బండ్లు ఇచ్చే జిల్లా ఆఫీసుకు తీసుకెళ్లింది. బస్సులో పల్లీలు వలిచి నా చేతిలో పోస్తూ, “రెండు వారాల్లో నేను వెళ్లిపోతాను తమ్ముడూ. అడగాల్సింది నువ్వే” అంది. కొత్తవాళ్ల ముందు నాకు మాట రాదని ఆమెకు తెలుసు. అయినా ఆఫీసు కిటికీ దగ్గర నన్ను నిలబెట్టి, తను పోయి బెంచీ మీద కూర్చుంది.

“ఏందిరా, నోట్లె ఏమన్న పెట్టుకున్నవా?” అన్నాడు గుమాస్తా.

“బండి గావాలె సార్.”

“ఏం బండి? ఎడ్లబండా?”

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. వెనక్కి చూశాను. అక్క లేవలేదు.

“మా చెల్లె నడవలేదు సార్! బడికి పోవాలె. మూడు చక్రాల బండి గావాలె!”

నవ్వులు ఆగాయి. ఆయన కాగితం తీసుకుని, ముద్ర వేసి, నంబరు రాసిచ్చాడు.

“బయటిదాకా వినపడింది” అంది అక్క. బస్టాండుకు నడుస్తూ, “ఒక్కసారి అడిగితే మర్చిపోతారు. వారం వారం రా” అంది.

ప్రతి సోమవారం పోయాను. ఆమె పోయిందని తెలిసిన తర్వాతి సోమవారం కూడా పోయాను.

“మళ్లొచ్చినవా? నీకేం పని లేదారా?”

“ఇదే పని సార్.”

పోయిన వారం బండి వచ్చింది. చూడటానికి ఆమె లేదు.

చుట్టుపక్కల ఊళ్లవాళ్లారా, మీలో చాలామంది ఇళ్లకు ఆమె రాలేకపోయింది. సంతకం పడ్డ కాగితాలు దాచుకుంటే బయటికి తీయండి. నాకు చదవడం సరిగా రాదు కానీ, ఏ కిటికీ దగ్గర నిలబడాలో తెలుసు. సోమవారం నాతో రండి.

నిన్న వాన పడింది. పొద్దున చెల్లె ఒక్కతే బయల్దేరింది. వెంట పోలేదు నేను. తర్వాత పనికి పోతూ చూశాను. బురదలో మూడు చక్రాల గీతలు, గుంతల దగ్గర కొంచెం వంకర తిరిగి, బడి గేటు లోపలికి పోయి ఉన్నాయి.