గీత ఏ వైపున ఉండేది

స్టీలు డబ్బా మూత తీయగానే ఇంగువా, పచ్చిమిరపా, మినప్పిండీ కలిసిన వాసన గుప్పుమని వచ్చి, ఢిల్లీ ద్వారకలోని మా ఎనిమిదో అంతస్తు వంటింట్లో నా చెవి పట్టుకుని మెలేసింది. బూడిదగుమ్మడి వడియాలు, అదీ సగమే ఎండినవి. పైన తడి ఆరి, లోపల ఇంకా మెత్తగా ఉన్న వడియాన్ని దొంగిలించి తినడంలో ఉన్న సుఖం నూనెలో వేయించాక ఉండదని నాకు తొమ్మిదో ఏటికే తెలుసు. నా మాట నమ్మండి. నమ్మనివాళ్ళు చాలామందే ఉన్నారు, అసలు గొడవంతా అక్కడే వచ్చింది.

కాకినాడ నుంచి సర్కారు ఉద్యోగాలకు వచ్చిన నాన్నా, బాబాయీ పశ్చిమ ఢిల్లీలో ఒక పాత కాలనీలో కలిసి ఇల్లు కొన్నారు. కింద బాబాయి వాళ్ళు, పైన మేము, ఆ పైన డాబా, డాబా నడిమధ్య ఇక్కడివాళ్ళు బర్సాతీ అనే ఒంటి గది. చలికాలమంతా మేం ఆ డాబా మీదే బతికేవాళ్ళం. రజాయిలు ఎండేసి, వాటి మీదే పడుకుని, వేరుశనక్కాయలు ఒలుచుకు తింటూ, నారింజ తొక్కల రసం ఒకరి కళ్ళలో ఒకరం కొట్టుకుంటూ ఉండేవాళ్ళం. ఎండాకాలం వస్తే కూలర్‌కు కట్టే తడి వట్టివేళ్ళ వాసన ఇల్లంతా పట్టేది. ఈ రెంటికీ మధ్య, మేం సెలవులకు కాకినాడ వెళ్ళకముందు, హోలీ రంగులు గోళ్ళ సందుల్లోంచి ఇంకా వదలని రోజుల్లో, వడియాల కాలం.

మా వాటా డాబాలో పడమటి సగం, బాబాయి వాళ్ళది తూర్పు సగం. అమ్మా, పిన్నీ పాత చీరలు పరిచి వడియాలు పెట్టుకుని, ఇద్దరి వడియాలూ కలవకుండా మధ్యలో ముగ్గుపిండితో ఒక గీత గీసేవారు. మా బడి భవనం ఒకటే, పూటలు రెండు. పొద్దున ఆడపిల్లలకు, మధ్యాహ్నం మగపిల్లలకు. అందుకని పొద్దుటి పూట కోతుల కాపలా నాది, మధ్యాహ్నం కాపలా బాబాయి కూతురు రమక్కది. ఆదివారం తలంట్ల రోజు, ఆ రోజు వడియాలు లేవు.

అప్పటికే నాకొక పేరుంది. యమున పొంగినప్పుడు కుళాయి గొట్టంలోంచి ఒక పిల్లమొసలి వచ్చి మా ట్యాంకులో పెరుగుతోందని చెప్పి, కాలనీ పిల్లలందరిచేతా వారం రోజులు వీధి చివరి చేతిపంపు నీళ్ళు తాగించిన ఘనుణ్ణి నేను. తర్వాత నాకు జ్వరమొచ్చిందన్నా సరే, పిన్ని నుదురు తాకి చూశాకే నమ్మేది.

పెద్దవాళ్ళు నలుగురూ కాలం చేశాక ఇల్లు పడగొట్టి కొత్తగా కడతానని ఒక బిల్డరు వచ్చాడు. పై అంతస్తు మాది, కింది అంతస్తు వాళ్ళది, ఆ రెంటికీ పేచీ లేదు. డాబా మీది గది ఎవరిదన్న దగ్గర ఆగిపోయాం.

"గీత గదికి తూర్పున ఉండేదక్కా. గది మా వైపు. నా కళ్ళతో చూశాను."

"నీ కళ్ళతోనే కదరా ట్యాంకులో మొసల్నీ చూశావు! గీత పడమటే ఉండేది. గది మాది."

"అచ్ఛా, ఆ మొసలి సాక్ష్యానికొస్తుందేమో అడుగు బామ్మర్దీ," అన్నాడు బావ.

నవ్వులాటగా మొదలైంది నవ్వులాటగా పోలేదు. నా జన్మలో మొట్టమొదటిసారి నిజం చెబుతుంటే నమ్మలేదని నాకు రోషం. అమ్మల సొత్తు విషయంలో కూడా కోతలు కోస్తున్నానని ఆమెకు మంట. రెండు రాఖీలు రాలేదు. నాకు తోబుట్టువంటే ఆమె ఒక్కతే. గది పోతే పోయింది, అక్క కూడా పోతుందేమోనని లోపల బెంగ, కానీ ఫోన్ చేయడానికి నామోషీ.

చివరికి చోటు చూసి తేలుస్తానన్నాడు బిల్డరు వకీలు. పదింటికి డాబా మీదికి రమ్మని తను మధ్యాహ్నం దాకా రాలేదు. బావ కింద కారులో కూర్చున్నాడు. అక్క గదికి పడమట, నీడలో నిలబడింది. నేను తూర్పున, ఎండలో, పంతానికి. గంటలు గడిచేకొద్దీ నీడ కుంచించుకుపోయి, గది చుట్టూ తిరిగి నా వైపు వచ్చింది. అక్క కూడా నీడ వెంబడే వచ్చి, నా పక్కన నిలబడక తప్పలేదు. కాసేపు నేల వంకే చూసింది.

"ఒరేయ్, నువ్వు ఆ గీత చూసింది ఎప్పుడు?"

"పొద్దున్నే. కాపలా కూర్చున్నప్పుడు."

"నేను చూసింది బడి నుంచొచ్చాక."

ఇద్దరం ఒకేసారి నీడకేసి చూశాం. పొద్దున గది నీడ పడేది మా వైపు, అంటే అమ్మ వడియాల మీద. అందుకని గీతను గదికి తూర్పుగా జరిపి, పిన్ని ఎండలో అమ్మకు చోటిచ్చేవారన్నమాట. మధ్యాహ్నం నీడ తూర్పుకి తిరిగాక, నేను బడికి బయల్దేరి, ఆమె ఇంకా ఇల్లు చేరని ఆ అరగంటలో, పాత గీత చెరిపి గదికి పడమట గీసి, అమ్మ ఎండలో పిన్నికి చోటిచ్చేవారు. రోజూ. మాకొక్క మాట చెప్పకుండా.

"అయితే నువ్వు నిజమే చెప్పావట్రా!" అని అక్క నోరు తెరిచింది. నాకు ఊపిరాడింది. రెండేళ్ళుగా గుండెల మీద కూర్చున్న మొసలి దిగి వెళ్ళిపోయింది.

చెమటలు తుడుచుకుంటూ వచ్చిన వకీలు "లకీర్ కిధర్ థీ?" అని గీత ఎటుండేదో అడిగితే, ఇద్దరం ఒక్క గొంతుతో "దోనోఁ తరఫ్!", రెండు వైపులా, అన్నాం. పాపం ఆయనకు అర్థం కాలేదు. గది ఇద్దరిదీ అని మాత్రం రాసుకున్నాడు.

ఇప్పుడక్కడ నాలుగంతస్తుల ఇల్లుంది. డాబా నిండా నల్ల ప్లాస్టిక్ ట్యాంకులు, వాటి పక్కన ఏసీ డబ్బాలు. ఎవరూ ఏదీ ఎండేయరు. ముగ్గుపిండి గీత లేదు, దాన్ని జరిపే చేతులూ లేవు. ద్వారకలో మా బాల్కనీకి పొద్దుటి ఎండే వస్తుంది, ఇందిరాపురంలో అక్క బాల్కనీకి మధ్యాహ్నపుటెండ. ఈ డబ్బా అక్కడి నుంచే వచ్చింది. "నా పూట అయిందిరా, ఇక నీ పూట. బాగా ఎండబెట్టి సగం తిరిగి పంపు," అంది.

నిన్న పొద్దున్నే పరిచాను. సాయంత్రం ఫోన్.

"ఎన్ని మిగిలాయ్?"

"కోతి ఎత్తుకుపోయిందక్కా."

"ఎనిమిదో అంతస్తుకా?"

"లిఫ్టులో వచ్చింది."