ఫ్లెక్సీ మీద లెఫ్టినెంటు

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే. అందుకని ఆ రోజుల్లో నేను ఏ పరీక్ష రాసినా, దాని అర్థం ఏమిటో మా వాళ్ళకు చెప్పాల్సింది కూడా నేనే. చెప్పేదాన్ని. సగం చెప్పేసరికే వాళ్ళు సంతోషపడిపోయేవాళ్ళు, మిగతా సగం చెప్పడానికి నాకు మనసొప్పేది కాదు. నేను సిగ్గుతో చచ్చిపోయిన సందర్భాలన్నీ ఆ చెప్పని సగంలోంచే పుట్టాయి. (మీకు చెప్పడానికి ఇప్పుడు నా దగ్గర ఒక మంచి వార్త ఉంది. నోరు ఊరుకోవడం లేదు. కానీ సిగ్గుపడిన సంగతి ముందు చెప్తేనే దానికి రుచి. కాస్త ఓపిక పట్టండి.)

మిలటరీ ఆఫీసర్ల అకాడమీలో చేరాలంటే ముందు రాతపరీక్ష. అది పాసైతే బెంగళూరు పిలిచి ఐదు రోజులు ఉంచుకుని రకరకాలుగా పరీక్షిస్తారు. అక్కడ నెగ్గితేనే అకాడమీ. పీజీలో చేరిన కొత్తల్లో క్యాంపస్ లైబ్రరీలో కూర్చుని చదివి, నేను రాతపరీక్ష పాసయ్యాను. ఇంటికి పరుగెత్తుకెళ్ళి "అమ్మా, పాసైన" అన్నాను. అమ్మ స్టవ్వు ఆపేసి "మిలటరీల వచ్చిందా?" అంది. "రాతపరీక్ష పాసైన. ఇంకా బెంగళూరు పోవాలె, ఆడ మళ్ళ..." "పిలిచిండ్రా లేదా?" "పిలిచిండ్రు." "మరింకేంది" అని కళ్ళు తుడుచుకుంటూ పక్కింటికి వెళ్ళిపోయింది. తప్పు అమ్మది కాదు. మా లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పిలవడం అంటే ఉద్యోగమే. నాన్నను వర్క్‌షాపుకు పిలిచారు, ఆయన వెళ్ళి చేరాడు. ఊరుగాని ఊరు పిలిపించుకుని, అన్నం పెట్టి, ఆ తర్వాత వద్దని పంపించే ఆఫీసు ఒకటి ఉంటుందని మా వాళ్ళ ఊహకు కూడా అందదు.

అమ్మ పక్కింటికి వెళితే, మామ (అమ్మ తమ్ముడు, షేర్ ఆటో నడుపుతాడు) ఏకంగా ఫ్లెక్సీ షాపుకు వెళ్ళాడు. నేను బెంగళూరు బండి ఎక్కాల్సిన రోజు పొద్దున చూస్తే మా గల్లీ మొదట్లో నేనున్నాను. మిలటరీ డ్రెస్సు, ఛాతీ నిండా మెడల్సు, ముప్ఫై ఏళ్ళు యుద్ధాలు చేసి రిటైరయ్యే మనిషికి ఉన్నన్ని. షాపువాడి దగ్గర ఆడ ఆఫీసరు బొమ్మ లేదట. మగ ఆఫీసరు ఒంటి మీద నా మొహం అతికించాడు. సెల్యూట్ కొడుతున్న ఆ చేతి మీద నల్లగా, ఒత్తుగా వెంట్రుకలు. కింద పెద్ద అక్షరాలతో "లెఫ్టినెంటు అయిన మా మేనకోడలికి శుభాకాంక్షలు", దాని పక్కన నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న మామ ఫోటో, నా మొహం కంటే పెద్దది. "మామా, నేనింక కాలే" అన్నాను. "అయితవు గదా బిడ్డా. ముందే కొట్టిస్తే తగ్గిచ్చి ఇచ్చిండు" అన్నాడు మామ.

బెంగళూరులో మొదటి రోజే వడపోత. ఒక మసక బొమ్మ చూపించి కథ రాయమన్నారు. తర్వాత మా బ్యాచ్ అమ్మాయిలందరినీ అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టి, ఆ కథ మీద మీలో మీరు మాట్లాడుకోండి అన్నారు. అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు. మోండా మార్కెట్‌లో కూరగాయల బేరం కూడా దీనికంటే పద్ధతిగా సాగుతుంది. నేను ఏం చేశానో చెప్పాలంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. చెయ్యెత్తాను. బడిలో నేర్పింది అదే కదా. మాట్లాడాలంటే చెయ్యెత్తాలి, సారు చూసి నువ్వు చెప్పు అంటాడు, అప్పుడు లేచి చెప్పాలి. ఇక్కడ సార్లు చూశారు, ఏదో రాసుకున్నారు, నువ్వు చెప్పు అని మాత్రం ఎవరూ అనలేదు. ఎత్తిన చెయ్యి దించడానికి మొహమాటం. నొప్పి పుడితే రెండో చేతిని ఆసరా పెట్టాను కానీ దించలేదు. చర్చ ముగిసింది. నెగ్గినవాళ్ళ నంబర్లు చదివారు, అందులో నాది లేదు. మిగిలినవాళ్ళను ఆ సాయంత్రమే బస్సులో స్టేషన్ దగ్గర దించేశారు. ఐదు రోజులకని సర్దుకున్న పెట్టెలో బట్టలు మడత కూడా చెదరలేదు.

మర్నాడు పొద్దున కాచిగూడలో దిగాను. ఇంటికి వెళ్ళాలంటే ఆ ఫ్లెక్సీ కింద నుంచి నడవాలి. నా వల్ల కాలేదు. పెట్టె ఈడ్చుకుంటూ క్యాంపస్‌కు వెళ్ళి, లేడీస్ హాస్టల్లో ఉండే నా క్లాస్‌మేట్ గదిలో దూరాను. అది నన్ను చూసి, నా పెట్టెను చూసి, ఏమీ అడగకుండా మంచంలో సగం ఖాళీ చేసింది. (తర్వాత అడిగింది. చెయ్యెత్తిన సంగతి చెప్పగానే దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వింది.) అమ్మ ఫోన్ చేస్తే "ఇక్కడ ఫోన్ ఎక్కువసేపు మాట్లాడనియ్యరమ్మా" అని పెట్టేసేదాన్ని. ఆదివారం చర్చిలో నేను సాక్ష్యం చెప్పాలని పాస్టరు గారికి అమ్మ ముందే చెప్పి పెట్టింది. అంటే మైకు ముందు నిలబడి, దేవుడు నాకు చేసిన మేలు అందరికీ వినిపించాలన్నమాట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం దిగలేదు.

రెండు రోజులు పోయాక మెస్సు నుంచి వచ్చి నా స్నేహితురాలు "ఇయ్యాల వార్డెన్ చెకింగ్ ఉన్నదే, సాయంత్రం దాక యాడికన్నా పో" అంది. మొహానికి స్కార్ఫు చుట్టుకుని కళ్ళు మాత్రం బయట పెట్టి తార్నాక చౌరస్తాకు వచ్చాను. సన్నగా వాన. విద్యానగర్ వైపు పోయే షేర్ ఆటో ఆగితే, వెనక సీట్లో ఉన్న ఇద్దరు ఆంటీల పక్కన ఇరుక్కున్నాను. ఆటో కదిలాక అద్దానికి వేలాడుతున్న ప్లాస్టిక్ శిలువను చూశాను. క్రిస్మస్‌కు నేను కొనిచ్చిందే. మామ ఎప్పుడూ ఈ దారిలో రాడు. ఆ రోజు గ్యాస్ కొట్టించుకోవడానికి ఇటు వచ్చాడట.

ఫ్లెక్సీ మీది ఫోటోతో మామను గుర్తుపట్టినట్టుంది, ఒక ఆంటీ అడుగుతోంది. "అన్నా, మీ గల్లీల ఫ్లెక్సీ కట్టిండ్రు చూడు, గాడ ఉన్నది ఆడపిల్లనా మొగపిల్లగాడా? చేతికి గన్ని వెంట్రుకలున్నయి."

"మా మేనకోడలమ్మా. మిలటరీల ఎండకు వానకు తిరుగుతరు గదా, అట్లనే అయితయి" అన్నాడు మామ, కాస్త కూడా తడుముకోకుండా. "బెంగళూరుల ఉన్నది. ఇయ్యాల తాడు పట్టుకోని గోడలెక్కుతుంటది."

నేను స్కార్ఫు ఇంకాస్త పైకి లాక్కున్నాను. రెండో ఆంటీ "అయితే నౌకరీ పక్కానే?" అంది.

"పక్కానే."

"ఒకవేళ వాపసు పంపితే?"

వైపరు రెండుమూడుసార్లు అటూ ఇటూ తిరిగింది. "పంపితే ఇంటికొస్తది. యాడికి పోతది? ఆమె ఇల్లే గదా" అన్నాడు మామ.

నా కళ్ళు నిండిపోయాయి. ఏదో చెప్పాలి. చెప్పాలనుకోగానే అలవాటు ప్రకారం నా చెయ్యి దానంతటదే పైకి లేచింది. మామ అద్దంలో చూశాడు. "ఏందమ్మా చెయ్యెత్తుతున్నవ్? ఇదేమన్న ఇస్కూలా? దిగాల్నంటే నోటితోని చెప్పాలె."

"మామా, నేనే" అన్నాను.

ఆటో రోడ్డు పక్కకు ఒరిగి ఆగింది. మామ వెనక్కి తిరిగి, స్కార్ఫు తీసిన నా మొహాన్ని చూశాడు. పక్కనున్న ఆంటీ మాత్రం నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి "చేతులు మంచిగనే ఉన్నయి గదా" అంది. ఆ తర్వాత మామ అడిగింది ఒక్కటే. "తిన్నవా?"

ఇంటికి తీసుకొచ్చాడు. నేను తలెత్తకుండా గల్లీలోకి నడుస్తుంటే, తను ఆగి ఫ్లెక్సీ తాళ్ళు విప్పుతున్న చప్పుడు వినిపించింది. ఈసారి అమ్మకు మిగతా సగం కూడా చెప్పాను. అమ్మ అన్నీ విని "హాస్టల్ల పప్పు నీళ్ళ లెక్క ఉంటదంట గద, చూడు ఎట్లయినవో" అని కంచం ముందు కూర్చోబెట్టింది. ఆదివారం చర్చిలో నేను లేచేలోపు అమ్మే మైకు అందుకుంది. "మా ఇంట్ల ఎవ్వరం పోని ఊరు నా బిడ్డ ఒక్కతే పోయి, మంచిగ తిరిగొచ్చింది. దేవునికి స్తోత్రం" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను.

ఫ్లెక్సీని మామ పారెయ్యలేదు. "గట్టి మాలు బిడ్డా, పానం వొప్పుతలేదు" అని వాన పడకుండా ఆటో పైన కప్పుకున్నాడు. ఇక చూసుకోండి. వానాకాలం వచ్చిందంటే చాలు, మెడల్సు పెట్టుకుని సెల్యూట్ కొడుతూ నేను తార్నాక అంతా తిరిగేదాన్ని. క్యాంపస్ గేటు ముందు నుంచి ఆటో పోతే మా క్లాసువాళ్ళు "మేడమ్, మీ దళం బయల్దేరింది" అని అటెన్షన్‌లో నిలబడేవాళ్ళు. ఆ సిగ్గు భరించలేకే అనుకుంటా, మళ్ళీ రాశాను. మళ్ళీ బెంగళూరు వెళ్ళాను. ఆ అర్ధచంద్రాకారంలో కూర్చోగానే చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, షేర్ ఆటోలో దిగేవాళ్ళు అరిచినట్టు నోటితోనే మొదలుపెట్టాను.

వార్త అదే. మొన్న మెరిట్ లిస్టులో నా పేరు వచ్చింది. వచ్చే నెలలో చెన్నై అకాడమీలో చేరుతున్నాను. ఈసారి ఇంట్లో మొత్తం చెప్పాను, మెడికల్ టెస్టుతో సహా, రెండుసార్లు.

నిన్న మామ వచ్చి "కొత్త ఫ్లెక్సీ కొట్టిద్దమా?" అన్నాడు. వద్దన్నాను. "పోనీ, పాతది కడగాల్నా?" అన్నాడు. కొంచెం ఆలోచించి, కడుగుదాం అన్నాను. క్వార్టరు ముందు పరిచి సబ్బునీళ్ళు పోశాం. ఎండకు నా మొహం సగం వెలిసిపోయింది, మామ కళ్ళద్దాలు ఎటో పోయాయి, చేతి మీది వెంట్రుకలు మాత్రం ఒక్కటీ రాలలేదు. ఫ్లెక్సీ మీది ఆ పిల్లకు అప్పటికి ఏదీ రాలేదు, ఏమీ తెలియదు. అయినా ఎంత ధీమాగా సెల్యూట్ కొడుతోందో. మామ బ్రష్షుతో మెడల్సు రుద్దుతూ వంగి ఉన్నాడు. ఎవరూ చూడటం లేదనుకుని, నేనూ ఆ పిల్లకు సెల్యూట్ కొట్టాను.

మామ తలెత్తకుండానే "చెయ్యి దించి, సబ్బు ఇటియ్యి" అన్నాడు.