అత్తమ్మ నాటిన తంగేడు

మేము షోలాపూర్ నీలం నగర్‌లో ఉంటాం. ఇంటి వెనక మా ఆయన నూలుకు రంగులేసేవాడు. మిగిలిన రంగునీళ్లు నేనే బకెట్లతో మోసి, సీనా నదికి పోయే వాగు గట్టున పోసేదాన్ని. ఆ గట్టు మీదే మా అత్తమ్మ ఊరి నుంచి గింజలు తెచ్చి తంగేడు పొదలు పెంచింది. ఏటా బతుకమ్మకు వాడంతటికీ అవే పూలు.

అత్తమ్మకు చూపు మందగించాక పొదలన్నీ ఎండిపోయాయి. చెప్పడానికి నోరు రాలేదు. రెండేళ్లు అశోక్ చౌక్‌లో పూలు కొని, "మన గట్టువే అత్తమ్మా" అన్నాను. ఆమె మురిసిపోయి అందరికీ పంచింది.

మూడో ఏడు తానే కోస్తానని పట్టుబట్టింది.

"కాలు జారుతది అత్తమ్మా."

"నేను నాటిన చెట్టుకాడికి నాకు తొవ్వ తెల్వదా? పా."

చేయి పట్టుకుని తీసుకుపోయాను. తడిమితే ఎండుపుల్ల విరిగింది. కింద మట్టి తీసి వాసన చూసింది.

"రంగునీళ్లు పోసినవా బిడ్డా?"

"పోసిన. ఏమైతదిలే అనుకున్న."

తిట్టలేదు. "మరి ఈ రెండేండ్లు కొన్న పూలను నా చెట్టు పూలని వాడంతా చెప్పుకుంటి గదనే" అంది.

ఆ సాయంత్రం బతుకమ్మను వాగులో వదలనివ్వలేదు. "మనమే ఖరాబ్ చేసిన నీళ్లలకు తల్లినెట్ల పంపుత?" అని వాకిట్లో టబ్బులో వదిలింది.

ఆ చలికాలంలోనే పోయింది. ఇంట్లో రంగుపని మానిపించాను. పూలు కొనడానికి తిరిగిన ఆ రెండేళ్లూ బకెట్ మోయకుండా ఉన్నా, ఒక్క పొదైనా మళ్లీ చిగురించేదేమో. అత్తమ్మ చీర కొంగుముడిలో దొరికిన గింజలు గట్టున చల్లాను. వాన పడ్డప్పుడల్లా పోయి చూస్తున్నాను. ఇంకా మొలవలేదు.